రెండు సర్వర్లున్నా సేవలు ఆగుతున్నాయంటే డిస్కుల దగ్గర వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రజలకు సేవలందించే కార్యాలయాల్లో కంప్యూటర్లు ఆగిపోయినప్పుడల్లా మీ పత్రికలో వార్తలు వస్తున్నాయి, పాఠకుల లేఖలూ వస్తున్నాయి. వాటిలో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. ఒక సర్వర్ పాడైతే ఇంకొకటి అందుకునేలా రెండేసి సర్వర్లు పెట్టామని అధికారులు చెబుతున్నప్పుడు, ఆ రెండోది ఏమైంది? చాలా సరైన ప్రశ్న ఇది. రోజు కూలి వదులుకుని, పొరుగూరి నుంచి బస్సెక్కి వచ్చి, కౌంటర్ అద్దానికి అంటించిన "సర్వర్ డౌన్" కాగితం చూసి వెనక్కి వెళ్లే మనిషికి దాని జవాబు తెలుసుకునే హక్కు ఉంది. ఇలా జంటగా కట్టిన సర్వర్లపై నడిచే డేటాబేస్‌లను చూసుకోవడమే చాలా ఏళ్లుగా నా ఉద్యోగం కనుక, నాకు తెలిసిన జవాబును కాస్త వివరంగానే మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

క్లస్టర్‌గా కట్టిన రెండు సర్వర్లలో ప్రాసెసర్లు, మెమరీ, పవర్ సప్లై, నెట్‌వర్క్ కార్డులు అన్నీ వేర్వేరుగా ఉంటాయి. డేటా మాత్రం ఆ సర్వర్ల లోపల ఉండదు. రెండింటికీ బయట, స్టోరేజ్ అని మేం పిలిచే ప్రత్యేకమైన పెట్టెలో పదుల కొద్దీ డిస్కులు ఉంటాయి. ఆ డిస్కుల్లోని చోటును భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో డ్రైవ్‌గా, ఫైబర్ కేబుళ్ల ద్వారా, మధ్యలో శాన్ స్విచ్‌ల (సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే పరికరాల) మీదుగా రెండు సర్వర్లకూ చూపిస్తారు. ఈ భాగాలను మా పనిలో లన్ అంటాం. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఫెయిలోవర్ క్లస్టర్‌గా, అంటే ఒకటి పడితే ఇంకొకటి అందుకునేలా పెట్టినప్పుడు ఒక సమయంలో ఒక నోడ్ (జంటలోని ఒక సర్వర్) మాత్రమే ఆ డ్రైవ్‌ల మీద రాస్తుంది, అది పడిపోతే రెండోది డ్రైవ్‌లను తన చేతిలోకి తీసుకుని డేటాబేస్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. ఒరాకిల్ డేటాబేస్ క్లస్టర్ పద్ధతి అయిన ర్యాక్‌లో నోడ్‌లన్నీ ఒకేసారి పనిచేస్తూ, డేటాలోని ఏ బ్లాకు (ముక్క) ఎప్పుడు ఎవరి చేతిలో ఉండాలో తమలో తాము మాట్లాడుకుని సర్దుకుంటాయి. పద్ధతి ఏదైనా కింద ఉన్న నిల్వ ఒక్కటే. సర్వర్ పాడైతే కాపాడటానికి క్లస్టర్ ఉంది. నిల్వే పాడైనా, నిల్వకు వెళ్లే దారి తెగినా రెండో సర్వర్ చేయగలిగింది ఏమీ లేదు.

ఈ ఏర్పాటులో అన్నిటికన్నా సున్నితమైనది డ్రైవ్ ఎవరి చేతిలో ఉందన్న విషయం. ఒకే చిట్టా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు ఒకరి రాత ఒకరికి తెలియకుండా రాసుకుపోతే సాయంత్రానికి ఆ పుస్తకం ఎందుకూ కొరగాదు. రెండు నోడ్‌లు ఒకదానికి తెలియకుండా మరొకటి ఒకే డ్రైవ్‌పై రాస్తే డేటాబేస్‌కు పట్టే గతి అదే. అందుకే విండోస్ క్లస్టర్‌లో డ్రైవ్‌ను తీసుకున్న నోడ్, స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్ అనే పద్ధతిలో స్టోరేజ్ దగ్గర తన పేరు నమోదు చేసుకుంటుంది, ఆ నమోదును కొద్ది సెకన్లకోసారి సరిచూసుకుంటూ కాపాడుకుంటుంది. ఒరాకిల్ క్లస్టర్‌లో దీనికోసం, ఏ నోడ్ బతికి ఉందో నమోదయ్యే ఓటింగ్ డిస్కులు ఉంటాయి. వాటిని బేసి సంఖ్యలో పెడతారు, సగానికి మించిన ఓటింగ్ డిస్కులను అందుకోలేని నోడ్‌ను క్లస్టర్ బయటకు నెట్టేస్తుంది. నెట్‌వర్క్‌లో పలకరింపు 30 సెకన్ల పాటు అందకపోయినా, ఓటింగ్ డిస్కుల నుంచి జవాబు 200 సెకన్ల పాటు రాకపోయినా వేటు పడేలా సాధారణంగా అమరిక ఉంటుంది. నోడ్ దానంతటదే రీస్టార్ట్ అయిందని కంగారుపడేవారు చాలామంది ఉంటారు. చాలాసార్లు అది డేటాను కాపాడటానికి క్లస్టర్ కావాలని చేసిన పనే. కనుక అడగాల్సిన ప్రశ్న, రీస్టార్ట్‌కు ముందు ఏ దారి మూగబోయింది అన్నది.

సేవలు ఆగిన వెంటనే జరిగేది మాత్రం వేరుగా ఉంటుంది. ఫోన్లు మోగుతుంటాయి, పైఅధికారులు ప్రతి అయిదు నిమిషాలకూ "ఇంకెంతసేపు" అని అడుగుతుంటారు, ఎవరో ఒకరు రెండు సర్వర్లనూ ఆపేసి మళ్లీ వేయమంటారు. ఒక్కోసారి దాంతో పని జరిగిపోతుంది కూడా. అలా జరిగిపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. సేవ తిరిగి మొదలయ్యాక ఎవరూ కారణం అడగరు. రీస్టార్ట్‌తో చెరిగిపోయే ఆనవాళ్లు చెరిగిపోతాయి, కొన్ని వారాల తర్వాత అదే లోపం అంతకన్నా పెద్దగా తిరిగి వస్తుంది.

నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి చెబుతాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడ రెండు నోడ్‌ల ఎస్‌క్యూఎల్ సర్వర్ క్లస్టర్ ఉండేది. ఒక రాత్రి మొదటి నోడ్ ఆగిపోయింది, క్లస్టర్ తన పద్ధతి ప్రకారం డేటాబేస్‌ను రెండో నోడ్‌కు మార్చబోయింది. డిస్కు రిసోర్సు (క్లస్టర్ అదుపులో ఉండే వాటిలో డిస్కు భాగం) ఆన్‌లైన్ కాలేదు. దాని మీద ఆధారపడిన ఎస్‌క్యూఎల్ సర్వీసు మొదలే కాలేదు. విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ లాగ్‌లో 1069 అనే సంఖ్యతో, ఫలానా క్లస్టర్ రిసోర్సు విఫలమైందన్న సందేశాలు వరుసగా నిండిపోయాయి. గదిలో ఉన్నవారందరి అనుమానమూ డేటాబేస్ మీదకు వెళ్లింది. బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కిద్దామన్న మాట కూడా వచ్చింది. నిజానికి డేటాబేస్‌కు ఏమీ కాలేదు. రెండో నోడ్‌లో డిస్కుల జాబితా చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే, ఉండాల్సిన డ్రైవ్‌లలో ఒక్కటీ లేదు. రిజర్వ్‌డ్ అనో ఆఫ్‌లైన్ అనో చూపించడం వేరు, అసలు కనిపించకపోవడం వేరు. ఈ తేడాను గుర్తించినవారికి సగం పని అయిపోయినట్టే.

కారణం వెతుక్కుంటూ వెనక్కి వెళితే తేలింది ఇది. కొన్ని నెలల క్రితం రెండో నోడ్‌లో హెచ్‌బీఏ కార్డు పాడైతే కొత్తది వేశారు. స్టోరేజ్‌తో మాట్లాడే ఆ కార్డుకు పుట్టుకతోనే డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే ప్రత్యేకమైన సంఖ్య ఉంటుంది. శాన్ స్విచ్‌లో ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌తో మాట్లాడవచ్చో చెప్పే జోనింగ్, స్టోరేజ్‌లో ఏ లన్ ఏ సర్వర్‌కు కనిపించాలో చెప్పే జాబితా, రెండూ ఆ సంఖ్యను బట్టే నడుస్తాయి. కార్డు మారితే సంఖ్య మారుతుంది. స్విచ్‌లోనూ, స్టోరేజ్‌లోనూ పాత సంఖ్యే మిగిలిపోయింది. సేవలన్నీ మొదటి నోడ్ మీద చక్కగా నడుస్తున్నందువల్ల రెండో నోడ్ చేతుల్లో ఏమీ లేదన్న విషయం అన్ని నెలలూ ఎవరికీ తెలియలేదు. కొత్త సంఖ్యను రెండు చోట్లా నమోదు చేసి, డిస్కులను రీస్కాన్ చేయగానే డ్రైవ్‌లు కనిపించాయి, డేటాబేస్ లేచింది. పనిగా చూస్తే చాలా చిన్నది. కార్డు మార్చిన వారంలోనే ఎవరైనా డేటాబేస్‌ను ఒక్కసారి రెండో నోడ్ మీదకు మార్చి చూసి ఉంటే ఆ రాత్రి ఎవరూ నిద్రలేవాల్సిన అవసరం ఉండేది కాదు.

అందుకే వెతకడం కింది నుంచి మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ముందు స్టోరేజ్ పెట్టె. పెట్టెను నడిపించే రెండు కంట్రోలర్లూ పనిచేస్తున్నాయా, రాతలను తాత్కాలికంగా ఉంచుకునే క్యాష్ మెమరీకి కరెంటు పోయినప్పుడు అండగా ఉండే బ్యాటరీ బాగుందా, విఫలమైన డిస్కుల స్థానంలో స్పేర్ డిస్కులు అందుకున్నాయా అన్నది చూడాలి. థిన్ ప్రొవిజనింగ్ వాడిన చోట పూల్ (డిస్కుల ఉమ్మడి చోటు) నిండిపోయిందేమో చూడటం చాలామంది మరచిపోతారు. ఈ పద్ధతిలో ఉన్న చోటుకన్నా ఎక్కువ చోటును సర్వర్లకు చూపించవచ్చు. సర్వర్ వైపు నుంచి చూస్తే డ్రైవ్‌లో ఇంకా సగం ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, కింద పూల్‌లో మాత్రం రాయడానికి చోటు మిగలదు. అప్పుడు రాతలు విఫలమవుతాయి, క్లస్టర్ డ్రైవ్‌ను కిందకు దింపుతుంది, రెండో నోడ్‌కు వెళ్లినా అక్కడా అదే అనుభవం ఎదురవుతుంది. నోడ్‌ల మధ్య అటూ ఇటూ తిరుగుతున్న క్లస్టర్‌ను చూసి సర్వర్లను అనుమానించి ప్రయోజనం లేదు. రెండు నోడ్‌లకూ ఒకే రోగం వచ్చిందంటే, ఆ రోగం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట పుట్టింది.

ఆ తర్వాత స్విచ్‌లు, కేబుళ్లు. పూర్తిగా తెగిన కేబుల్ మేలు, వెంటనే తెలుస్తుంది. సగం పనిచేసే కేబుల్, దుమ్ము పట్టిన కనెక్టర్, కేబుల్‌ను పోర్టుకు కలిపే, అలసిపోయిన ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ అలా కాదు. దాని మీదుగా పోయే సమాచారంలో కొంత చెడిపోతుంది, మళ్లీ పంపాల్సి వస్తుంది, డేటాబేస్ నెమ్మదిస్తుంది, కానీ ఏ దీపమూ ఎర్రగా మారదు. స్విచ్‌లో ఒక్కో పోర్టుకు సీఆర్‌సీ దోషాల (దారిలో చెడిన సమాచార ముక్కల) లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎంత ఉందన్నది ముఖ్యం కాదు, నిన్నటికీ ఇవాళ్టికీ పెరుగుతోందా అన్నది ముఖ్యం. సర్వర్‌లో ఒకే డ్రైవ్‌కు ఉన్న పలు దారులను చూసుకునే మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ చూపించే దారుల సంఖ్యను కూడా రెండు నోడ్‌లలో పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒక నోడ్‌లో ప్రతి డ్రైవ్‌కూ నాలుగు దారులు, రెండో నోడ్‌లో రెండే దారులు కనిపిస్తే ఇవాళ ఏ ఇబ్బందీ లేకపోయినా అది లోపమే.

ఇంత అయ్యాకే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరకు రావాలి, అక్కడ చేయకూడని పనులు రెండున్నాయి. డ్రైవ్‌ను సరిగా చదవలేని నోడ్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, ఈ డిస్కును ఇనిషియలైజ్ (కొత్తదానిలా సిద్ధం) చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. కొత్త డిస్కు విషయంలో అది మామూలు ప్రశ్న. నిండా డేటా ఉండి, ఇంకో నోడ్ చేతిలో ఉన్న డ్రైవ్ విషయంలో దానికి సరే అని నొక్కడం ఘోరమైన పని. రెండోది రిజర్వేషన్‌ను బలవంతంగా తుడిచేయడం. దానికి విండోస్ ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో ఒక ఆదేశం ఉంది, అవసరమైన సందర్భాలూ ఉన్నాయి, ఉదాహరణకు పాత క్లస్టర్‌ను తీసేశాక దాని గుర్తులు డిస్కు మీద మిగిలిపోయినప్పుడు. అయితే ఆ ఆదేశం ఇచ్చే ముందు రెండో నోడ్ నిజంగా ఆగిపోయిందని కళ్లారా చూసి నిర్ధారించుకోవాలి. నెట్‌వర్క్‌లో పలకడం లేదు కనుక చచ్చిపోయింది అనుకోవడం చాలదు. నెట్‌వర్క్ తెగిన నోడ్ ఫైబర్ దారిలో డ్రైవ్ మీద నిక్షేపంగా రాస్తూ ఉండవచ్చు. సేవ ఆగితే గంటల్లో తిరిగి వస్తుంది. రెండు నోడ్‌లు కలిసి చెడగొట్టిన డేటాను సరిచేయడానికి పట్టే కాలాన్ని ఎవరూ ముందుగా చెప్పలేరు.

డ్రైవ్‌లు కనిపిస్తున్నా డేటాబేస్ వాటిని ముట్టుకోకపోవడం మరో రకం ఇబ్బంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ క్లస్టర్‌లో కొత్త డ్రైవ్ చేర్చి, ఫార్మాట్ చేసి, అక్షరం ఇచ్చి, ఎక్స్‌ప్లోరర్‌లో చూసుకుని సంతోషపడతారు. డేటాబేస్ ఫైలు పెట్టబోతే 5184 అనే ఎర్రర్ వస్తుంది. ఆ డ్రైవ్‌ను ఎస్‌క్యూఎల్ సర్వర్ రిసోర్సు ఆధారాల జాబితాలో చేర్చకపోవడమే కారణం. ఆ జాబితాలో లేని డ్రైవ్ తనతోపాటు రెండో నోడ్‌కు వస్తుందన్న హామీ లేదు కనుక సర్వర్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఎస్‌క్యూఎల్ సర్వర్ తాత్కాలిక పనులకు వాడుకునే టెంప్‌డీబీని 2012 వెర్షన్ నుంచి నోడ్ సొంత డిస్కులో పెట్టుకోవచ్చు. ఆ ఫోల్డర్ ఒక నోడ్‌లో ఉండి రెండో దానిలో లేకపోతే ఫెయిలోవర్ అక్కడ ఆగుతుంది. లినక్స్ మీద నడిచే ఒరాకిల్‌లో ఇంకో తరహా చిక్కు ఉంది. రీబూట్ అయ్యాక డిస్కుల పేర్ల వరుస మారిపోవచ్చు. నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ అవుతుంది. లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ నియమాలతోనో మల్టీపాత్ పేర్లతోనో స్థిరమైన పేరు, యాజమాన్య హక్కులు ముందే ఇచ్చి ఉండకపోతే ఒరాకిల్‌లో డిస్కులను చూసుకునే ఏఎస్ఎం తన డిస్కులను తాను గుర్తుపట్టలేదు. డేటా అంతా అక్కడే ఉంటుంది, తలుపు తీసేవారే ఉండరు.

లాగ్‌లు చదివేటప్పుడు మన దేశంలో ప్రత్యేకంగా ఎదురయ్యే తికమక ఒకటి చెప్పాలి. విండోస్ క్లస్టర్ లాగ్‌ను బయటకు తీస్తే, ప్రత్యేకంగా కోరకపోతే, అందులోని సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. అదే సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ మాత్రం మన సమయం చూపిస్తుంది. మధ్యలో అయిదున్నర గంటల తేడా. రాత్రి 11 గంటల 10 నిమిషాలకు జరిగిన వైఫల్యం క్లస్టర్ లాగ్‌లో సాయంత్రం 5 గంటల 40 నిమిషాల దగ్గర ఉంటుంది. ఈ సంగతి గుర్తులేక, 11 గంటల దగ్గర లాగ్‌లో ఏమీ లేదని రాసిన నివేదికలు నేను చూశాను. స్టోరేజ్ గడియారం కొన్ని నిమిషాలు వెనకబడి, స్విచ్ గడియారాన్ని ఎవరూ ఎప్పుడూ సరిచేయకపోతే, ఏది ముందు జరిగింది, ఏది దాని ఫలితం అన్నది తేల్చడం అసాధ్యమవుతుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో అన్ని వ్యవస్థల గడియారాలనూ ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో కలపాలని, లాగ్‌లను 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలని ఉంది. అవి సైబర్ భద్రత కోసం ఇచ్చినవే అయినా ఇలాంటి వైఫల్యాల విచారణకూ అంతే పనికొస్తాయి. గడియారాలు కలపడం అంటే సర్వర్లకే అనుకోకుండా, స్టోరేజ్‌కూ స్విచ్‌లకూ కూడా వర్తింపజేస్తే చాలా మేలు.

నిల్వ ఏ హెచ్చరికా లేకుండా కూలిపోవడం అరుదు. విండోస్ లాగ్‌లో డిస్కుకు పంపిన అభ్యర్థనను మళ్లీ పంపాల్సి వచ్చిందని చెప్పే 153, పరికరాన్ని రీసెట్ చేశానని చెప్పే 129, ఎస్‌క్యూఎల్ లాగ్‌లో డేటా రాయడం లేదా చదవడం 15 సెకన్లు దాటినా పూర్తికాలేదని చెప్పే 833, ఈ సంఖ్యల సందేశాలన్నీ ముందుగా వచ్చే కబుర్లు. డిస్కుల విషయంలో 15 సెకన్లంటే చాలా పెద్ద కాలం. సేవ నడుస్తోంది కదా అని వాటిని పక్కన పెట్టడం మన దగ్గరే కాదు, ఇంకా ఎక్కువ వనరులున్న చోట్ల కూడా జరిగింది.

ఆస్ట్రేలియా పన్నుల శాఖ వ్యవస్థలు 2016 డిసెంబరు 12న స్టోరేజ్ వైఫల్యంతో కుప్పకూలాయి. 2017 ఫిబ్రవరిలో మళ్లీ ఆగాయి. ఆ శాఖ 2017 జూన్‌లో తన నివేదికను ప్రజల ముందు పెట్టింది. ఫైబర్ కేబుళ్లను సరిగా అమర్చలేదని, డిస్కుల సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని, స్టోరేజ్ అమరికలో తట్టుకునే శక్తికన్నా వేగానికి ప్రాధాన్యం ఇచ్చారని అందులో రాశారు. 2016 మే నుంచి నవంబరు దాకా ఆ పెట్టె 159 హెచ్చరికలు నమోదు చేసింది. కొన్ని కేబుళ్లు మార్చారు, అసలు ఇబ్బంది తీరలేదు. ఇంతకన్నా నన్ను కదిలించిన వాక్యం మరొకటుంది. వ్యవస్థలను తిరిగి లేపడానికి వాడాల్సిన కొన్ని ముఖ్యమైన సాధనాలు కూడా పాడైపోయిన ఆ స్టోరేజ్ మీదే ఉన్నాయి. మన దగ్గర ఎన్ని చోట్ల బ్యాకప్ సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డుల పట్టిక, రికవరీ పద్ధతి రాసుకున్న ఫైలు, అన్నీ అదే పెట్టెలోని ఇంకో డ్రైవ్‌లో ఉన్నాయో ప్రతి శాఖా ఇవాళే చూసుకోవాలి.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2010 ఆగస్టు 25న స్టోరేజ్‌లో మెమరీ బోర్డు లోపంతో మొదలైన వైఫల్యం 26 ప్రభుత్వ సంస్థలను తాకింది, డ్రైవింగ్ లైసెన్సుల జారీ రోజుల తరబడి నిలిచిపోయింది. బోర్డును మార్చే క్రమంలో జరిగిన మానవ తప్పిదమే కారణం కావచ్చని స్వతంత్ర విచారణలో తేలింది. అదే ఏడాది జులై 5న సింగపూర్‌లోని డీబీఎస్ బ్యాంకు సేవలు ఏడు గంటల పాటు ఆగాయి. అక్కడ కూడా స్టోరేజ్‌కు సంబంధించిన చిన్న మరమ్మతును కాలం చెల్లిన పద్ధతిలో చేయడం వల్ల ప్రధాన కంప్యూటరైన మెయిన్‌ఫ్రేమ్‌కు నిల్వ అందకుండా పోయింది. సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ ఆ బ్యాంకు అదనంగా దాదాపు 23 కోట్ల సింగపూర్ డాలర్ల మూలధనాన్ని పక్కన పెట్టాలని ఆదేశించింది. బ్యాంకు అధిపతి పీయూష్ గుప్తా ఏం జరిగిందో వివరిస్తూ ఖాతాదారులకు బహిరంగంగా లేఖ రాశారు. ఈ రెండు ఘటనల్లోనూ మొదటి లోపం చిన్నదే. మరమ్మతు చేసిన తీరు దాన్ని పెద్దది చేసింది. పరికరం నడుస్తుండగా ఏ భాగాన్ని ముందు తీయాలి, తీసే ముందు రెండో చోటికి డేటా నకలు పంపే రెప్లికేషన్‌ను ఆపాలా వద్దా అన్న నిర్ణయాలను అక్కడున్న ఇంజనీరు తొందరలో తీసుకునే పరిస్థితి రాకూడదు. రెప్లికేషన్ ఆపకపోతే ఇక్కడ చెడిన డేటా అక్కడికీ చేరిపోతుంది.

మన దేశంలోనూ మార్గదర్శకం లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 7న ఇచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐటీ పాలనా ఆదేశాల ప్రకారం, బ్యాంకులు తమ కీలక వ్యవస్థలకు కనీసం ఆరు నెలలకోసారి డీఆర్ (విపత్తు నుంచి కోలుకునే) డ్రిల్ చేయాలి. ప్రధాన కేంద్రాన్ని ఆపి, కనీసం ఒక పూర్తి పనిదినం పాటు రెండో కేంద్రం నుంచే పని నడిపించి చూడాలి. బ్యాంకు ఖాతాకు ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, భూమి పత్రాలకూ, పింఛను జాబితాలకూ, విద్యార్థుల ఫీజు రాయితీ దరఖాస్తులకూ అంతకన్నా తక్కువ జాగ్రత్త చాలదు. బ్యాంకు ఒకరోజు ఆగితే, ఇంకో బ్యాంకులో ఖాతా ఉన్న మనిషి అక్కడికి వెళతాడు. రిజిస్ట్రేషన్ ముహూర్తానికో, దరఖాస్తు చివరి తేదీకో సర్వర్ ఆగితే వెళ్లడానికి ఇంకో చోటు ఉండదు.

కనుక ప్రజాసేవల డేటాబేస్‌లను నడిపే శాఖలను నేను కోరేది ఇది. మూడు నెలలకోసారి, ముందుగా ప్రకటించిన ఆదివారం ఉదయం, డేటాబేస్‌ను ఒక నోడ్ నుంచి రెండో నోడ్‌కు మార్చి, ఆ రోజంతా అక్కడే నడిపించాలి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద ఏ కార్డు, ఏ కేబుల్, ఏ కంట్రోలర్ మార్చినా ఈ పరీక్ష పూర్తయ్యేదాకా వెండార్ బిల్లు మీద సంతకం పెట్టకూడదు. స్టోరేజ్ పంపే హెచ్చరికలు ఎవరూ తెరవని ఈమెయిల్ పెట్టెకు కాకుండా, పేరు పెట్టి బాధ్యత అప్పగించిన ఇంజనీరుకు చేరాలి, ఒక్కో హెచ్చరికపై ఏం చేశారో రాసిపెట్టాలి. దీనికి కొత్త పెట్టెలు కొనక్కర్లేదు. రెండు నోడ్‌లకు రెండు వేర్వేరు నిల్వలు ఉండేలా, ఒకదాని డేటా రెండోదానికి ఎప్పటికప్పుడు చేరేలా కట్టుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. డబ్బున్న శాఖలు అటు వెళ్లవచ్చు. వెళ్లినా డ్రిల్ అవసరం తప్పదు. చెడిన డేటా అటూ చేరే ప్రమాదం ఉంటుంది కనుక విడిగా బ్యాకప్ ఉంచుకోవడమూ, ఆ బ్యాకప్‌ను నిజంగా తిరిగి ఎక్కించి, డేటాబేస్ చెడలేదని సరిచూసే డీబీసీసీ చెక్‌డీబీ ఆదేశం నడిపి చూడటమూ తప్పవు.

ఇంజనీర్ల గురించి కూడా ఒక మాట. రాత్రి రెండు గంటలకు డేటా సెంటర్ చలిలో నిలబడి పనిచేసే పిల్లల్లో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులు. స్టోరేజ్ ఒక కంపెనీది, సర్వర్లు ఇంకో కంపెనీవి, డేటాబేస్ మూడో కంపెనీది అయినప్పుడు, తప్పు తమది కాదని నిరూపించుకోవడానికే ముగ్గురికీ తెల్లవారిపోతుంది. ఆ ముగ్గురినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టి, ఒకే కాలపట్టికపై పని చేయించే అధికారం శాఖ తరఫున ఒక సాంకేతిక అధికారికి ఉండాలి. ముందు లాగ్‌లు తీసి భద్రపరచండి, ఆ తర్వాతే రీస్టార్ట్ గురించి మాట్లాడదాం అని పైఅధికారికి చెప్పగలిగే ధైర్యం ఆ పిల్లలకు ఉండాలంటే, అలా చెప్పినందుకు వారి ఉద్యోగం పోదన్న భరోసా రాతపూర్వకంగా ఉండాలి.

చివరగా, ఒక సేవ నాలుగు గంటలకు మించి ఆగితే 15 రోజుల్లోగా ఆ శాఖ తన వెబ్‌సైట్‌లో తెలుగులో నివేదిక పెట్టేలా ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఉత్తర్వు ఇవ్వాలని మనవి. ఏ సమయానికి మొదలైంది, ఏ భాగం విఫలమైంది, రెండో నోడ్ ఎందుకు అందుకోలేదు, చివరి ఫెయిలోవర్ పరీక్ష ఏ తేదీన జరిగింది అన్న నాలుగు సంగతులు అందులో ఉంటే చాలు. భద్రతకు ముప్పు తెచ్చే ఐపీ చిరునామాలు, పరికరాల అమరికలు రాయనక్కర్లేదు. స్వయంగా సమాచారం వెల్లడించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. ఈలోగా మీ పత్రిక విలేకరులు సేవలు ఆగిన ప్రతిసారీ అధికారులను ఆ నాలుగో ప్రశ్న, చివరి ఫెయిలోవర్ పరీక్ష ఏ తేదీన జరిగిందన్న ప్రశ్న తప్పకుండా అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్,
విజయవాడ